గొళ్లెం లేని తలుపు

నిన్న పొద్దున కాలనీ గ్రూప్‌ల శ్రీశైలం అన్న ఫొటో చూసి బర్త్‌డే అనుకున్న.
కేక్ ఎమోజీ గూడ వెతికిన.

తర్వాత కింద రాసింది చదివిన.
హార్ట్ అటాక్. షాపు షట్టర్ ఎత్తుతుండంగనే.

సంతోష్‌నగర్‌ల మా గల్లీ మూలమీద హార్డ్‌వేర్ షాపు ఆయనది. నల్లాలు, మేకులు, గొళ్లేలు.

రెండేండ్ల సంది మా దిక్కు నొప్పుల గోలీలు, ఇంజెక్షన్లు మత్తుకు వాడుడు మస్తు ఎక్కువైంది. డోస్ ఎక్కువై పడిపోయేది బాత్రూమ్‌లనే, లోపల గొళ్లెం పెట్టుకొని. తలుపు పగలగొట్టనీకి అందరు ఉరికేది అన్న షాపుకే, గడ్డపార కోసం.

రెండుసార్లు ఇచ్చిండు.
రెండుసార్లు లేటే అయింది.

మూడోసారి దాక ఆగలే. స్క్రూడ్రైవర్ పట్టుకొని ఇంటింటికి తిరిగిండు, బాత్రూమ్ గొళ్లెం ఊడదీస్త, ఫ్రీ అని.

"అమ్మింది నువ్వే, ఊడదీసేది నువ్వేనా భాయ్?" అని ఎదురింటి ఆంటీ నవ్వింది.
"వాపస్ తీస్కుంటున్న అనుకోండ్రి ఆంటీ."

నేను నవ్వలే, వాదించిన. చదువుకున్నదాన్ని గద.
"గొళ్లెం తీస్తే అలవాటు పోతదా అన్నా?"
"పోదు చెల్లె. తలుపైతే తెరుసుకుంటది."

మా గొళ్లెం గూడ ఊడదీసి పోయిండు. అప్పటిసంది మా ఇంట్ల బాత్రూమ్ లోపల మనిషి ఉంటే తలుపు మీద ఎర్ర తువ్వాల ఏస్తం.

ఇగ అసలు మాట. మూడుసార్లు రాసి కొట్టేసిన.

మా తమ్ముడు.
బైక్ యాక్సిడెంట్ అయినంక నడుము నొప్పికి డాక్టర్ రాసిన గోలీలతోని మొదలైంది. మేము చూసీ చూడనట్టు ఉన్నం.

ఎండాకాలం ఒక మధ్యాహ్నం. తలుపు మీద తువ్వాల ఉంది. నల్లా పారుతుంది. పిలిస్తే పలుకుతలేడు.
నూకిన. తెరుసుకుంది.

పెదవులు నీలం. ఊపిరి ఆగి ఆగి వస్తుంది. ఒక పక్కకు తిప్పి పట్టుకొని కూసున్న, అంబులెన్స్ వచ్చేదాక.

బతికిండు. ఇప్పుడు ట్రీట్‌మెంట్‌ల ఉన్నడు.

అందరికి మేము చెప్పింది మాత్రం, బీపీ డౌన్ అయిందని. శ్రీశైలం అన్నకు గూడ అదే.

పోయిన నెల నల్లా వాషర్ కోసం పోతే ఆయనే అడిగిండు. "చెల్లె, గింత తిరిగిన. ఒక్కలకన్న పనికొచ్చిందంటవా?"

"ఏమో అన్నా" అన్న.
వాషర్ తీస్కొని ఇంటికొచ్చిన.

ఇజ్జత్ అనుకున్న. ఎవరి ఇజ్జతో ఇప్పుడు సమజైతలేదు.

ఇయ్యాల పొద్దున తమ్ముడే అన్నడు, నా సంగతి రాయి అక్కా అని. ఇది అన్న కోసం రాస్తున్ననా, నా బరువు దించుకోనీకా? అది గూడ తెల్వదు.

మీ ఇండ్లల్ల గిట్ల ఎవరన్న ఉంటే, బాత్రూమ్ తలుపు ఒక్కసారి చూస్కోండ్రి.

అన్నా, పనికొచ్చింది.
నిన్న నీ పాడె మోసినోళ్లల్ల వాడొకడు.

ఇగ ఏ తలుపు ఫికర్ లేకుండ నిమ్మళంగ ఉండు అన్నా.