అత్త మింగని మాత్రలు

మా మేనత్త పోయిందని పోయిన నెల సేలంలో ఉన్న నాకు తంతి వచ్చింది. ఉబ్బసం. బస్సు దొరక్క పాల వ్యానులో ఆసుపత్రికి తీసుకుపోతుంటే, దారిలో కారిమంగళం ఊరు దాటకముందే ఊపిరి ఆగిపోయిందట. పోయినవాళ్ల గురించి మంచే చెప్పాలంటారు. చెబుతాను, కానీ ముందు నా కోపం తీరాలి.

అత్తకూ మామకూ ఇద్దరికీ ఏళ్ల తరబడి ఆయాసం. చింతపండు కొట్టే రోజుల్లో ఆ దుమ్ముకు అత్తకు పిల్లికూతలు మొదలయ్యేవి. మామది బీడీల దగ్గు, ఏడాది పొడవునా ఉండేది. ఇద్దరినీ ధర్మపురిలో డాక్టరు దగ్గరికి నేనే తీసుకుపోయాను. ఆయన ఇద్దరి చేతా ఒక మీటరులోకి గట్టిగా ఊదించి, మందిచ్చి, కాసేపాగి మళ్లీ ఊదించాడు. ఈసారి అత్త ఊదితే ముల్లు బాగా పైకి పోయింది. మామ ఊదితే ఉన్నచోటే ఉంది.

"దగ్గు ఒకటే అయినా జబ్బులు వేరమ్మా. ఈ చిన్న మాత్ర మీకే. మానితే ప్రమాదం. మీ ఆయనకు ఇది పనిచేయదు, ఆయన మందు వేరే" అని అరవంలో విడమరిచి చెప్పాడు. అత్త గంగిరెద్దులా తల ఊపింది.

మా ఇళ్లలో మొగుడు తినకుండా పెళ్లాం తినదు. సంగటికి ఉన్న ఆ నియమాన్ని అత్త మాత్రకు కూడా పెట్టింది.

"అది నీ మందు అత్తా!"

"ఉండనీలేరా. ఆయనకే దగ్గు జాస్తి. ఆయన మింగినాక మిగిలితే నేను మింగుతాను."

"ఆయనకు పనిచేయదని డాక్టరు చెప్పినాడు కదా?"

"ఒకే ఇంట్లో, ఒకే దగ్గుకి, నాకొక మందు, ఆయనకొకటా? చూసినోళ్లు నవ్వరా?"

ఆమెతో వాదిస్తే తల ప్రాణం తోకకొచ్చేది. మా అమ్మ పోయాక నన్ను సాకింది ఈ మొండి మనిషే. మామిడిపండు కోస్తే చెక్కలు నాకు పెట్టి, తాను టెంక చీకేది. అది ప్రేమేనని అప్పుడూ తెలుసు, ఇప్పుడూ తెలుసు. అయినా ఒళ్లు మండుతోంది.

కర్మలు ముగిసిన రోజు మామను అడగకుండా ఉండలేకపోయాను.

"ఆ చిన్న మాత్రతో నీకేమన్నా గుణం తెలిసిందా మామా?"

"ఏమీ లేదురా. ఒకటే చేదు."

"మరి ఎందుకు మింగినావు?"

"నేను తిని లేస్తూనే మాత్ర అరచేతిలో పెట్టి, నీళ్ల చెంబు పట్టుకోని ఎదురుగా నిలబడేది. నేను మింగితేనే కదరా ఆమె అన్నానికి కూర్చునేది!"

ఇద్దరినీ కలిపి తిట్టాలనిపించింది. ఆ పూట మామకు నేనే వడ్డించాను. తిని లేచాక ఆయన వంటింటి వైపు తిరిగి అరచెయ్యి చాచాడు. కాసేపు అట్లాగే ఉంచి, ఆ చేతిని పంచెకు తుడుచుకున్నాడు.