మార్గరెట్ గారి మెట్ల మీద దిష్టిగుమ్మడి

కొంప మునగడానికి వరదే రానక్కర్లేదు, ఒక్క గుమ్మడికాయ చాలు. నాది ఎలా మునిగిందో చెబుతాను, మీరు నవ్వుకోండి. నాకు మాత్రం ఇప్పటికీ ఏడుపే వస్తుంది.

అప్పట్లో పామర్‌స్టన్ నార్త్‌లో ప్రతి ఆదివారం ఎనిమిది మంది పిల్లలకు తెలుగు చెప్పేదాన్ని. మా వీధి చివరి హాలు బాధ్యతలు చూసే మార్గరెట్ గారు దాని తాళంచెవి నాకు నమ్మకంగా ఇచ్చారు. ఆ హాలు లేకపోతే తరగతే లేదు. ఇక చదువంటారా, ఏడాది గడిచినా ఒక్కరి నోటా ఒక్క పూర్తి వాక్యం రాలేదు. "అన్నం తిన్నావా రిషీ?" అంటే "యా ఆంటీ" అనేవాడు ఆరేళ్ల రిషి. గోడకు చెప్పినా ఈపాటికి బదులిచ్చేది.

ఇంతలో పిల్లలు దెయ్యాల వేషాలతో ఇంటింటా చాక్లెట్లు అడిగే హాలోవీన్ వచ్చింది, అదీ ఆదివారం నాడే. భూగోళానికి కింది సగంలో ఉన్నాం కదా, ఇక్కడ అక్టోబరంటే వసంతం. సాయంత్రం ఆరింటికి కూడా ఎండే కాబట్టి దెయ్యాలు సైతం టోపీ పెట్టుకుని తిరగాలి. దెయ్యం, గబ్బిలం, గుమ్మడికాయ అన్న మాటలు ఆటల్లో నేర్పుదామని నా మట్టిబుర్రకు తట్టింది. పొద్దున తరగతిలో దుప్పటి కప్పుకుని దెయ్యాన్నయ్యాను. పిల్లలు ఆవలించారు. గబ్బిలాన్నై చేతులాడించాను.

"ఆంటీ, ఆర్ యూ ఓకే?" అన్నాడు రిషి.

నాకు రోషం పొడుచుకొచ్చింది. గుమ్మడికాయ వంతు రాగానే మన పద్ధతి బయటికి తీశాను. పిల్లల చేతే కాయకు కుంకుమ పూయించి, వాళ్ల చుట్టూ మూడుసార్లు తిప్పి, హాలు వెనక గడ్డిలో ధడేలున పగలగొట్టాను. పిల్లలకు ప్రాణం లేచొచ్చింది.

"వావ్! వై డిడ్ యూ బ్రేక్ ఇట్ ఆంటీ?"

"దిష్టి పోవాలని నాన్నా. గుమ్మం ముందు గుమ్మడికాయ ఉండేదే అందుకు!"

ఈ మాట అన్న నాలుకను ఏం చేయాలో మీరే చెప్పండి.

ఆ సాయంత్రం చాక్లెట్లు అడగడానికి పిల్లల్ని అదే వీధిలో తిప్పాను. వాళ్ల చేతులకు పొద్దుటి కుంకుమ ఇంకా పోలేదు. చిన్నదాని బూటు లేసు కడదామని వంగానో లేదో, మిగతా ఏడుగురూ మార్గరెట్ గారి మెట్లెక్కేశారు. అక్కడ మూడు మెట్లకు మూడు గుమ్మడికాయలు. తన తోటలో పండించి, ఇన్ని నెలలు దాచి, కళ్లూ ముక్కూ చెక్కి పెట్టుకున్నారావిడ. నేను తలెత్తేసరికి రెండు పగిలిపోయాయి, రిషి మూడోదాన్ని గుమ్మానికి తిప్పుతున్నాడు.

"రిషీ! వద్దురా!"

ధడేల్!

తలుపు తెరుచుకుంది. చాక్లెట్ల గిన్నెతో వచ్చిన మార్గరెట్ గారు పిల్లల చేతులు చూసి కెవ్వుమన్నారు.

"అయ్యో, రక్తం!"

"రక్తం కాదండీ, కుంకుమ."

అప్పుడు మెట్లు చూశారు. "ఎవరి పని ఇది?"

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నాడట ఒకడు. నేను ఆ దొంగలకు గురువును కదా, నా భుజాలతో పాటు పక్కనున్న పిల్లల భుజాలూ తడుముకున్నాను. ఇంతలో రిషి ముందుకొచ్చాడు.

"మీ ఇంటికి దిష్టి తగలకూడదని మేము గుమ్మడికాయలు కొట్టాము ఆంటీ!"

పూర్తి వాక్యం! ఒత్తులతో సహా! ఏడాదిగా నేను ఎదురుచూసింది దీనికే. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఏమంటున్నాడు?" అన్నారావిడ.

"మీ ఇంటికి ఏ కీడూ జరగకూడదంటున్నాడండీ."

మూడు మెట్ల మీదా జారుతున్న గుజ్జును ఆవిడ తేరిపార చూశారు.

"ఇంకా జరగలేదంటావా?"

గిన్నె రిషి చేతిలో పెట్టి, ఖాళీ అయిన చెయ్యి నా ముందు చాచారు. తాళంచెవి కోసం.

ఇప్పుడు మా తరగతి మా గ్యారేజీలో, గడ్డి కోసే మిషను పక్కన నడుస్తోంది. మొదటిరోజే రిషి ఇంకో పూర్తి వాక్యం చెప్పాడు: "ఆంటీ, ఈ వారం ఏం పగలగొడదాం?"

అందుకే ఆ మిషను సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. నా బతుకులో గుమ్మడికాయ ఇక పులుసులోనే. కొబ్బరికాయ పాఠం ఈ జన్మకు లేదు.