జూరకాన్ ఎజేకి కుదిరిన సైకిల్

మా కరకోల్ ఊరి బడిలో పిల్లలకు పరుగు, ఈత నేర్పిన జూరకాన్ ఎజే, తన యాభయ్యో పుట్టినరోజున అందరికీ టీ పోస్తూ, "వచ్చే వేసవిలో ట్రయాథ్లాన్‌కి దిగుతున్నా" అని చెప్పేసింది. సరస్సులో ఈత, ఒడ్డెక్కగానే సైకిల్, సైకిల్ దిగగానే పరుగు, అన్నీ ఒక్క పూటలోనే. ఎజే అంటే మాకు అక్క. మంచి పొడగరి. ఈతకు తిరుగులేదు, పరుగుకు అలుపులేదు. లేనిదల్లా సైకిలే.

ఆ లోటు ఆమె భర్త అసాన్‌బాయ్ తీర్చాడు. తేనెటీగలు పెంచుకునే మనిషి. రాజధాని బిష్కెక్ వెళ్ళి, "మా ఆవిడ చాలా పొడుగు. మీ దగ్గరున్న వాటిల్లో అన్నిటికన్నా పెద్దది ఇవ్వండి" అని అడిగి, పందెపు సైకిల్ ఒకటి వ్యాను మీద కట్టించుకొచ్చాడు. ఎర్ర రిబ్బను చుట్టి దాన్ని ముంగిట్లో నిలబెట్టిన రోజు అతని మొహం చూసి తీరాలి.

ఎజే రెండు వేసవులు ఆ సైకిలే తొక్కింది. నీళ్ళలోంచి అందరికన్నా ముందు వచ్చేది. నలభై కిలోమీటర్ల సైకిల్ పూర్తయ్యేసరికి అందరికన్నా వెనక ఉండేది. ఎందుకో ఎవరికీ అంతుపట్టలేదు. నాది మందుల దుకాణం కాబట్టి నాకు మాత్రం కొంత తెలిసింది.

"ఎజే, ఈ నెలలో మెడకి రాసే మందు ఇది నాలుగో డబ్బా. తేనెటీగలకి కూడా రాస్తున్నావా ఏంటి?"

"నోరు మూసుకుని ఇవ్వవే. సైకిలెక్కితే మెడ పట్టేస్తోంది, చేతులు తిమ్మిరెక్కుతున్నాయి. ఆయనకి చెప్పకు. ముచ్చటపడి కొన్నాడు."

నేను వినలేదు. మర్నాడే ఆమెను ముకాష్ అకే దగ్గరికి లాక్కెళ్ళాను. అకే అంటే పెద్దన్న. పడుచుతనంలో పందేల్లో తొక్కి, ఇప్పుడు సంత పక్కన సైకిళ్ళు బాగుచేస్తున్నాడు. ఎజేని సైకిలెక్కి, మోచేతులు హ్యాండిల్ మీదున్న మెత్తలకు ఆన్చమన్నాడు. ఒక్క చూపు చూశాడు.

"ఏంటమ్మా అది, తొక్కుతున్నావా, ఆరేసిన బట్టలా వేలాడుతున్నావా?"

"నేను పొడుగు కదా అకే. పెద్దదే కావాలన్నారు."

"ఎవరన్నారు? పొడుగంతా నీ కాళ్ళలోనే ఉంది. నడుం పైనంతా పొట్టిదానివి. సీటైతే దించుకోవచ్చు. ఫ్రేమ్ పొడుగుని ఏం చేస్తావ్, కొరుక్కు తింటావా?"

మూలనున్న, కదలకుండా తొక్కే సైకిల్ మీద ఆమెను కూర్చోబెట్టాడు. దాని సీటూ హ్యాండిలూ ఎటు కావాలంటే అటు జరుగుతాయి. మొదట కాలికి తగ్గట్టు సీటు ఎత్తు చూశాడు, తర్వాత సీటును బాగా ముందుకు జరిపాడు. "తుంటి దగ్గర ఒళ్ళు మరీ మడతపడకూడదు. దిగాక పరిగెత్తాల్సింది ఆ కాళ్ళే." భుజాల కింద మోచేతులు నిట్టనిలువుగా ఆనేదాకా మెత్తలను దగ్గరికి లాగాడు.

"హాయిగా ఉందా?"

"ఇలాగే నిద్రపోనా?"

"పడుకో. కొలుచుకుంటా." పెడల్ ఇరుసు నుంచి ఆ మెత్తలు ఎంత ఎత్తున, ఎంత ముందున ఉన్నాయో టేపు పట్టి చూసి, గోడ మీద సుద్దముక్కతో రాశాడు. "ఈ రెండు అంకెలే నీ సైజు. ఒడ్డూ పొడుగూ ఇంట్లో చెప్పుకో. నీది మూడు సైజులు పెద్దదమ్మా. ముందు మనిషిని కూర్చోబెట్టాలి, తర్వాత ఫ్రేమ్ వెతకాలి. మీరంతా తిరగేసి చేస్తారు."

ఎజే నన్ను తన ఇంటికి తీసుకెళ్ళింది. సాయంత్రం నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, నూనెలో వేయించిన బోర్సోక్‌లు ముందు పెట్టి, భర్తకు అంతా చెప్పేసింది. అసాన్‌బాయ్ చేతిలోని టీ గిన్నె కింద పెట్టాడు.

"రెండేళ్ళు నొప్పి భరించావా?"

"నువ్వు చిన్నబుచ్చుకుంటావని."

"నా చొక్కా గుండీ ఊడితే వీధంతా వినపడేలా అరుస్తావు. ఇంత మాట దాచావా!" అని, పకపకా నవ్వాడు. "గుర్రాన్ని కొన్నట్టు కొన్నానే! పెద్దదైతే గొప్పదనుకున్నా."

మరుసటి వారం ముకాష్ అకే ఒక మనిషిని వెంటబెట్టుకొచ్చాడు. బొకోన్‌బాయెవో ఊళ్ళో పశువుల డాక్టరు, కుబాన్. తాటిచెట్టంత మనిషి. తన చిన్న పందెపు సైకిల్ మీద మోకాళ్ళు మోచేతులకు కొట్టుకుంటున్నాయని ఏడాదిగా అకే ప్రాణం తీస్తున్నాడు. కొలతలు చూసుకుని ఎజే, అతనూ సైకిళ్ళు మార్చుకున్నారు. కుబాన్ పెద్దదాని మీద సంతంతా రెండు చుట్లు కొట్టి, "అమ్మయ్య, ఇన్నాళ్ళకి కాళ్ళు చాపాను!" అని కేకేశాడు.

ఆ ఆగస్టు పందెంలో నేను రోడ్డు వార నిలబడ్డాను. ఎదురుగాలికి తల వంచి, కుదురుగా, మోచేతులు కదలకుండా ఎజే దూసుకొచ్చింది. ఆమెను చూస్తూనే అసాన్‌బాయ్ టోపీ గాల్లోకి ఎగరేసి, "మా ఆవిడే! మా ఆవిడే!" అని పక్కవాళ్ళ భుజాలు కుదిపేశాడు. సైకిల్ దిగి ఆమె నిలువుగా, నవ్వుతూ పరుగందుకుంది. రెండేళ్ళలో అలా చూడలేదు. ఆమె వయసు ఆడవాళ్ళలో రెండోదిగా వచ్చింది. మొదట వచ్చింది అల్మాటీ నుంచి వచ్చిన ఆవిడ. ఇద్దరూ కౌగిలించుకుని అక్కడే గడ్డి మీద కూలబడ్డారు.

ఇప్పుడు శనివారాలు ఎజే ముకాష్ అకే దుకాణంలోనే ఉంటుంది. కొత్తగా సైకిల్ కొనాలని ఏ ఆడమనిషి వచ్చినా, ఎత్తెంతో అడగదు. "ముందు ఎక్కి కూర్చో తల్లీ" అంటూ టేపు తీస్తుంది.