యాదగిరి సార్ మెయిన్ ఆపలేదు

పదేళ్లు దాటింది. ఈ మాట గొంతు దాకా వచ్చి ఆగిపోతూనే ఉంది. బాధగా ఉందా అంటే, ఉండాలి. మొద్దుబారిపోయి ఏమీ తెలియడం లేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను.

తెలంగాణ ఉద్యమం జోరుగా ఉన్న రోజులు. నేను దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో పాఠాలు చెప్పేవాణ్ణి. ఎల్బీనగర్‌లో మా కాలనీ కమిటీ నడిపే చిన్న గ్రంథాలయాన్ని యాదగిరి సార్ చూసుకునేవారు. పోచంపల్లి వైపు నుంచి వచ్చిన రిటైర్డ్ టీచర్. పుస్తకాల జాబితాను ఇంటర్నెట్‌లో పెట్టాలని ఆయన కోరిక. ఒక్క వేలితో టైపు చేసేవారు. ప్రతి పుస్తకం కింద ఎవరు చదివారో, చదివి ఏమన్నారో రెండు ముక్కలు రాసేవారు. అవి ఇంకెక్కడా లేవు.

గ్రంథాలయంలోనే ఉంచి ఆ వెబ్‌సైట్ నడిపే సర్వర్‌లో ఏ ఆపరేటింగ్ సిస్టమ్ వేద్దామని నన్నడిగారు. ఎక్కడో చదివి లినక్స్ పేరు ఆయనే చెప్పారు. "ఎవలన్నా వాడుకోవచ్చంట. మన లైబ్రరీ లెక్కనే ఉన్నది గదా!"

నాకు లినక్స్ రాదు. రాదని చెప్పలేకపోయాను. "అది మనకి సరిపడదండి" అనేసి, ఇన్‌స్టిట్యూట్‌లో పాఠాల కోసం వాడే వేరే సిస్టమ్, ఆరు నెలల ట్రయల్ కాపీ వేశాను. గడువు తీరితే అది గంటగంటకూ దానంతట అదే ఆగిపోతుంది. ఆలోపు అసలుది కొనిపిద్దామనుకున్నాను. మర్చిపోయాను. నిజంగా మర్చిపోయానా?

సార్‌కు ఒక అలవాటుండేది. పుస్తకాలకు నిప్పు భయమని, ఇంటికి వెళ్లేటప్పుడు కరెంటు మెయిన్ ఆపేవారు. సర్వర్ నడవాలి, ఆపొద్దన్నాను. మానేశారు.

సమ్మె మొదలైంది, బస్సులు ఆగాయి, గడువూ అప్పుడే తీరింది. వెబ్‌సైట్ మాటిమాటికీ ఆగిపోతోందని కమిటీవాళ్లు కబురు పెడితే నడిచి వెళ్లాను. తెర మీద గడువు తీరిందన్న మాట ఎవరి కంటా పడకూడదు. ఆ తొందరలో, సార్ రాసిందంతా వేరేచోట దాచకుండానే డిస్క్ చెరిపేసి, గడువు మొదటి నుంచి మొదలవ్వాలని మళ్లీ అదే కాపీ ఎక్కించాను. అంతా పోయింది.

కమిటీ ముందు, ఉన్నట్టుండి కరెంటు పోతే డిస్క్ పాడవుతుందని చెప్పి, "మెయిన్ గానీ ఆపేశారా సార్?" అన్నాను. నింద వేయలేదు, అడిగానంతే. అలా అడగడమే నా తెలివి.

ఆయన చివరిసారి తాళం వేసిన రోజు గుర్తు చేసుకోబోయారు. "ఏమో బిడ్డా, అలవాటు కొద్ది బంద్ జేసిన్నేమో. గింత పని ఖరాబ్ జేస్తి."

ఆ వారమే కమిటీ ఆయన దగ్గర తాళాలు తీసుకుంది. ఆయన మళ్లీ కంప్యూటర్ ముట్టుకోలేదు.

నేను కోస్తావాణ్ణి, ఆ రోజుల్లో తప్పు ఒప్పుకుంటే ఎవరేమంటారోనన్న భయంతో అలా చేశానని చాలాకాలం నాకు నేను సర్దిచెప్పుకున్నాను. అదీ అబద్ధమే. సమ్మె రోజుల్లో హోటళ్లు మూస్తే నాకు అన్నం పెట్టింది ఆయన ఇంట్లోనే. రాదు అన్న చిన్న మాట అనలేని పొగరు, అంతకు మించి ఏమీ లేదు.

మొన్న మూసారాంబాగ్ మెట్రో దగ్గర కనిపించారు. చెయ్యి పట్టుకున్నారు. "నీ కష్టమంత నేను పాడుజేసిన. మనసుల ఏం పెట్టుకోకు బిడ్డా."

"పర్వాలేదు సార్" అన్నాను.

ఆయన్ని క్షమించి వచ్చాను, నేను! అందుకే ఇక్కడ రాస్తున్నాను. మెయిన్ ఎవరూ ఆపలేదు. ఇది రాశాక ఊపిరి కాస్త ఆడుతోంది. సార్‌కు మాత్రం ఇంకా తెలియదు.