సన్నెమ్మ రెండు బుట్టలు

మొన్న స్నేహితురాలి ఇంట్లో మేకపాలు కాస్తున్నారు. ఆ వాసన తగలగానే నా కుడిచేతి చూపుడువేలు దానంతటదే ముడుచుకుంది. దాని మొదలు దగ్గర ఇప్పటికీ చిన్న మచ్చ ఉంది. సన్నెమ్మ గుర్తొచ్చింది.

తొంభైల్లో నాకు మొదటి ఉద్యోగం కొయ్యూరు పైన కొండల్లోని ఆశ్రమ పాఠశాలలో వచ్చింది. సన్నెమ్మ అక్కడి వంటమనిషి. యాభై దాటిన కొండమనిషి. చుట్టను నిప్పు వైపు నోట్లో పెట్టుకుని, మాట అవసరమైతేనే బయటికి తీసేది. ఆ ఏడు వంటశాల పెంకులు మారుస్తుంటే ఉడత గూడు ఒకటి కిందపడింది. తల్లిని అప్పటికే పిల్లి పట్టుకుపోయింది. కళ్లు తెరవని రెండు పిల్లలను సన్నెమ్మ పాత గుడ్డలో చుట్టి, పెన్నులో ఇంకు పోసే ఫిల్లరుతో మేకపాలు పట్టి బతికించింది. నేను పక్కన కూర్చుని ఫిల్లరు అందించేదాన్ని.

గింజలు కొరికే వయసు వచ్చేసరికి పెద్దది చిన్నదాని మీద పడటం మొదలుపెట్టింది. ఒకరోజు చిన్నదాని చెవి చివర తెగింది. ఆ పూటే సన్నెమ్మ రెండో బుట్ట తెచ్చింది. రెండింటికీ ఒకే వేళకు, వేరువేరుగా పెట్టేది. కడుపులు నిండాక తన కళ్లముందు కాసేపు కలిపి వదిలేది. పెద్దదాని తోక ఉబ్బితే మధ్యలో గుడ్డ పడేసేది. చెయ్యి మాత్రం పెట్టేది కాదు.

"ఒక తల్లి పిల్లలు కదా, విడదీస్తే దిగులు పెట్టుకోవూ?" అన్నాను.

"తల్లుంటే తల్లి సూసుకుంటాది టీచరమ్మా. తల్లి నేదు గదా, మనకే బుద్ధుండాల."

ఆ ఆదివారం ఆమె సంతకు వెళ్లింది. వేరు బుట్టలో చిన్నది కీచుమంటుంటే నాకు మనసొప్పలేదు. రెండింటినీ ఒకచోట పెట్టి, గుప్పెడు వేరుశెనగలు పోశాను. తిని, ఒకదాన్నొకటి ఆనుకుని పడుకున్నాయి. సన్నెమ్మ రాగానే చూపించాలని మురిసిపోతూ బట్టలు ఉతుక్కోవడానికి వెళ్లాను. అరుపులు విని పరుగెత్తుకొచ్చేసరికి పెద్దది చిన్నదాని మెడ పట్టుకుని ఉంది. చేత్తో లాగబోతే నా వేలు ఎముకదాకా కొరికింది. చిన్నది పొద్దు వాలేదాకా ఊపిరి తీసి, ఆగిపోయింది.

సన్నెమ్మ వచ్చి బుట్ట వైపు, నా చేతి వైపు చూసింది.

"ఎవులు కలిపినారు?"

"నేనే. కడుపునిండానే పెట్టాను."

"ఒక్క సోటే ఎట్టినారు," అంది. అంతకుమించి తిట్టలేదు. నా వేలు కడిగి పసుపు అద్దింది. వంటశాల వెనక గొయ్యి తవ్వి చిన్నదాన్ని పూడ్చింది. పెద్దదానికి ఎప్పటిలాగే పాలు పట్టింది. నేను దాని మొహం చూడలేకపోయాను. ఆమెకు నా మీద కోపం వస్తే బాగుండుననిపించింది.

చేతులు కడుక్కొచ్చి అప్పుడు చెప్పింది. ఆమెకు ఇద్దరు కొడుకులు. మొగుడు పోయాక పొలం పంచెయ్యమని ఊరు చెప్పింది. "నేను బతికుండగా ఒక్క పొయ్యే అన్నాను. ఆళ్లు రోజూ కొట్టుకుంతన్నా నా కళ్లెదట కలిసుంటే సాలనుకున్నాను." ఒకరోజు దుక్కి దగ్గర మాటామాటా పెరిగి పెద్దవాడు గొడ్డలెత్తాడు. చిన్నవాడు అక్కడే పోయాడు. పెద్దవాడు జైల్లో ఉన్నాడు. చిన్నవాడి పెళ్లాం, ఇద్దరు బిడ్డలు ఆమె దగ్గరే ఉన్నారు.

కొన్నేళ్లకు పెద్దకొడుకు విడుదలై తిన్నగా వంటశాలకే వచ్చాడు. గడ్డం నెరిసిపోయింది. సన్నెమ్మ పీట వేసి అన్నం పెట్టింది. తినేదాకా పక్కనే కూర్చుంది. చెయ్యి కడిగాక ఒక మూట చేతికిచ్చి, "సీలేరులో మావయ్యున్నాడు, ఆడి కాడ పని సేసుకో. ఊళ్లోకి రాకు," అంది. అతను గుమ్మం పట్టుకుని ఏడ్చాడు. ఆమె లేవలేదు.

అతను మలుపు దాటాక ఉండబట్టలేక అడిగాను: "ఒక్కరోజైనా ఉంచుకోలేకపోయావా?"

"ఉంచుకుందును. సిన్నోడి పెళ్లానికి నిద్దరట్టదు టీచరమ్మా," అని కత్తిపీట ముందుకు లాక్కుంది. చేతికి తీసుకున్న ఉల్లిపాయ తరగలేదు.

ఆ వానాకాలం మలేరియా ఆమెను తీసుకుపోయింది. కబురు అందేసరికే ఆలస్యమైంది, పెద్దకొడుకు రాలేదు.

తర్వాత ఇన్నేళ్లూ నేను హాస్టళ్ల బాధ్యత చూస్తూనే ఉన్నాను. పిల్లలు కొట్టుకుంటే మిగతా టీచర్లు ఇద్దరి చేతులూ కలిపి క్షమాపణ చెప్పించేవారు. నేను వేరువేరు గదుల్లో కూర్చోబెట్టి, వేరువేరుగా అన్నం పెట్టించేదాన్ని. అక్కాచెల్లెళ్లనైనా అంతే. రాతిగుండె మనిషినని ఒక తల్లి నా మొహం మీదే అంది. కొందరు నెల తిరక్కుండానే కలిసిపోయేవారు. కొందరు బడి విడిచి వెళ్లేదాకా మాట్లాడుకోలేదు. అలాంటివాళ్లు ఎదురెదురుగా తలవంచుకుని నడిచిపోతుంటే, వెళ్లి చేతులు కలిపేద్దామని ఇప్పటికీ ప్రాణం లాగుతుంది. ఆగుతాను. ఆగడం ఎంత కష్టమో సన్నెమ్మకు తెలుసు.