బరువు దించే బండ

మా పక్కింటి టీచరమ్మ ఇక లేదు. పోయిన నెల ఒక ఆదివారం, చర్చికి రాలేదేమిటా అని చూడబోయినవాళ్ళు ఆ కబురు తెచ్చారు. మట్టి చేసిన చోట ఊరి పెద్దలు వరసగా నిలబడి ఆమెను పొగిడారు. బతికుండగా ఆమె వాళ్ళను అడిగింది ఒకే ఒక్కటి, అదీ ఇవ్వలేదు. వింటుంటే నాకు ఒళ్ళు మండింది.

కోయిలకుంట్ల దారిన నంద్యాలకు వచ్చే పెద్దవాళ్ళకు ఆ బండ గుర్తుండాలి. భుజమెత్తున రెండు నిలువు రాళ్ళు, వాటి మీద ఒక అడ్డబండ. గడ్డిమోపులు తెచ్చే ఆడవాళ్ళు ఎవరి సాయమూ లేకుండా దాని మీదికి మోపు జరిపి, కాస్త మెడ సవరించుకుని, మళ్ళీ తలకెత్తుకుని పోయేవారు. నిండు చూలాలు చనిపోతే ఆమె పేరున అలాంటి బండ నిలపడం మా వైపు పాత ఆచారం. మోసిన బిడ్డను దించకుండానే పోయింది గనక, దారిన పోయేవాళ్ళ బరువైనా దించాలని. ఆ బండ టీచరమ్మ తల్లిది. రెండో కాన్పుకు ముందే పోయింది. కూలి చేసే తండ్రి నిలబెట్టాడు. అక్షరాలు చెక్కించాలని ఆయనకు తోచలేదు.

టీచరమ్మ మాకు నాలుగో తరగతిలో చరిత్ర చెప్పింది. రాజుల పేర్లు మరిచిపోయినా కొట్టేది కాదు. బండ దగ్గరికి తీసుకుపోయి మోపులు దించుకునేవాళ్ళను చూపించేది. "దండలేస్తే సచ్చినోళ్ళకు ఏం తెలుస్తాదిరా? బరువు దిగితే బతికినోళ్ళకు తెలుస్తాది" అనేది.

డెబ్బయిల చివర్లో, బండ ఉన్న కూడలిలో ఒక నాయకుడి విగ్రహం పెట్టాలని కమిటీ వేశారు. బండ అడ్డమొచ్చింది. ఆమె కమిటీ పెద్ద ఇంటికి పోతే తోడు నేనూ పోయాను.

"దాని మీద ఎవురి పేరుందమ్మా? చూపీ" అన్నాడాయన.

"పేరు ల్యాదన్నా. మా యమ్మది. మోపులెత్తేవాళ్ళందరికీ తెలుసు."

"పేరు లేనిది స్మారకం ఎట్లయితాది? ఊరికి చరిత్ర కావల్లనా, వద్దా?"

చరిత్ర చెప్పే మనిషిని పట్టుకుని అడిగిన మాట అది.

బండ పెరికేశారు. విగ్రహం ఆవిష్కరణ నాడు బడిపిల్లలను వెంటబెట్టుకొచ్చిన టీచరమ్మ, దండ వేయడానికి పెద్దలు ఎక్కుతున్న మెట్టును చూసింది. వాళ్ళమ్మ బండే. చెప్పులతో ఒకరి తర్వాత ఒకరు ఎక్కుతున్నారు. "ఇంటికి పోదాం పాండి" అని పిల్లలను వెనక్కి తిప్పింది. అందుకు సంజాయిషీ కూడా ఇచ్చుకోవాల్సి వచ్చింది.

రిటైరయ్యాక నన్ను వెంటబెట్టుకుని ఆళ్ళగడ్డకు పోయింది. శిల్పుల వీధి నిండా సగం చెక్కిన దేవుళ్ళూ నాయకులూ.

"ఎవురి బొమ్మ కావల్లమ్మా?" అన్నాడు శిల్పి.

"బొమ్మ వద్దప్పా. మోపు దించుకునేదానికి బండ కావల్ల."

"మా పల్లెలోనూ ఒకటుండేది. రోడ్డు వెడల్పు చేసినప్పుడు పాయె" అన్నాడతను. బండ నున్నగా చెక్కి పంపాడు. దాన్ని నిలపడానికి ఊళ్ళో ఎవరూ జానెడు చోటు చూపలేదు. అది ఆమె పెరటిగోడకు ఆనుకుని అలాగే ఉండిపోయింది.

నిన్న ఆమె బంధువులు దాన్ని తెచ్చి సమాధి మీద పడుకోబెట్టారు. పేరు, చదువు, ఉద్యోగం లోతుగా చెక్కించారు. దారి పక్కన నిలబెడదామని నేను మొత్తుకున్నాను. ఆమెకు తమ్ముడి వరసయ్యే ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు.

"పేరుంటేనే ఉండనిస్తారన్నా. లేకుంటే దీన్నీ పెరికి మెట్టు చేస్తారు."

మా ఊరు మాకు నేర్పిన చరిత్ర అదే.

తిరిగొస్తుంటే, విగ్రహం చుట్టూ వేసిన ఇనుప కంచె పక్కన ఒక ముసలామె గడ్డిమోపుతో నిలబడి, పోయేవాళ్ళను ఒక్కొక్కరినే పిలుస్తోంది. "అప్పా, రోంత చెయ్యి పట్టప్పా." నేను పట్టి దించాను. ఆమె బరువుకు పట్టేసిన మెడ తిప్పి నా వైపు చూడలేక, రెండు చేతులతో కంచె పట్టుకుని అలాగే నిలబడిపోయింది.