వెచ్చని గీత

ఒక్క మాటను మోస్తూ ముసలివాడినయ్యాను. "ఎండకే" అన్న మాట. పలకడానికి ఎంతసేపు? దించుకోవడానికి మాత్రం ఒక బతుకు చాలలేదు.

మీరెవరో నాకు తెలియదు. నా పేరు మీకు చెప్పను. పేరు చెప్పే ధైర్యమే ఉంటే ఆనాడే నోరు తెరిచేవాడిని. నాకు అక్షరాలు తల నెరిశాక వచ్చాయి, పెద్దవాళ్లకు చదువు చెప్పే బడిలో. తప్పులుంటే ఉండనీయండి. తప్పు రాసిన అక్షరాన్ని దిద్దుకోవచ్చు.

మా నాయన సున్నపు బట్టీలో పని చేసేవాడు. నేను జహీరాబాద్‌లో ఇళ్లకు సున్నం వేసేవాడిని. మైదానంలో ఫుట్‌బాల్ పోటీలు పెడితే గీతలు గీసేది కూడా నేనే. తాడు లాగి కట్టి, అడుగున బెజ్జాలు కొట్టిన డబ్బాలో సున్నం పొడి పోసి, ఊపుకుంటూ తాడు వెంట నడవాలి. ఊళ్లో నాకున్న పేరు అదొక్కటే, గీత తిన్నగా గీస్తాడని.

సున్నపురాళ్లను ముందు రోజే నీళ్లలో నానబెట్టాలి. చుయ్యిమని ఉడికి, పొగలు కక్కి, విరిగి మెత్తబడతాయి. దాన్ని ఎండబెట్టి, జల్లెడ పట్టి వాడాలి. నానబెట్టని సున్నం నిప్పుతో సమానం. చెమట తగిలినా చర్మం కాలుతుంది. బట్టీ దగ్గర ఎప్పుడూ ఒక తొట్టి నిండా నీళ్లుండేవి. ఎవరి కంట్లోనైనా సున్నం పడితే తల పట్టుకుని అందులో ముంచేవాళ్లు. ఎత్తి మళ్లీ ముంచేవాళ్లు. "జరన్ని నీళ్లు ఉడికిస్తయి, మస్తు నీళ్లు కడుగుతయి" అనేవాడు మా నాయన. ఈ మాట గుర్తుంచుకోండి. నేను మరిచిపోలేదు. నా పాపమంతా అక్కడే ఉంది.

నాసర్ నాకంటే చిన్నవాడు. వాళ్ల తాత అరబ్బు దేశం నుంచి నిజాం ఫౌజులో కొలువుకు వచ్చాడు. తల్లి ఈ ఊరి మనిషే. నాసర్ లెఫ్ట్ అవుట్ ఆడేవాడు, అంటే ఎడమచేతి వైపు గీతను పట్టుకుని గోల్ దాకా ఉరికేవాడు. ఇప్పటివాళ్లు వింగర్ అంటున్నారు. బంతి గీత దాటుతుందని అందరూ ఊపిరి బిగబట్టే చోట కాలి అంచుతో లోపలికి తిప్పుకునేవాడు. ఆట మొదలయ్యే ముందు వంగి గీత మీద వేళ్లు ఆనించి, ఆ చేతిని గుండెకు తాకించుకునేవాడు. హాఫ్ టైమ్ తర్వాత కూడా అంతే. నా గీతకు అంత మర్యాద ఇచ్చినవాడు ఇంకొకడు లేడు.

ముందు హైదరాబాద్‌లో ఒక సర్కారు ఖాతా జట్టులో, అంటే ఒక శాఖ వాళ్ల జట్టులో ఆడాడు. ఆటను చూసి కొలువు ఇచ్చారు. డెబ్బైలలో సముద్రం అవతలి నుంచి, తాత పుట్టిన దేశం నుంచి, ఒక క్లబ్బు పిలిచింది. వాళ్లు నెలనెలా జీతమిచ్చి ఆడించుకుంటారు, కాని పరాయి దేశం వాళ్లను తీసుకోరు. మనవడు కూడా మావాడే అని ఆ దేశం పాస్‌పోర్ట్ ఇచ్చింది. పుట్టుక ఇక్కడిది, పాస్‌పోర్ట్ అక్కడిది. మన సర్కారు రెండు దేశాలను ఒప్పుకోదని నాసర్‌కు తెలుసు, ఊరికీ తెలుసు. ఎవరూ నోరెత్తలేదు. ఎండాకాలంలో అక్కడ ఆటలుండవు, తల్లి దగ్గరికి వచ్చేవాడు. "ఏ దేశపోనివిరా నువ్వు?" అని టీ బండి దగ్గర ఎవరైనా గెలికితే, "హాఫ్ టైమ్ దాక ఆడోన్ని, హాఫ్ టైమ్ అయినంక ఈడోన్ని" అని నవ్వేవాడు.

ఆ ఎండాకాలం బీదర్ జట్టుతో పోటీ పెట్టారు. బయట ఎక్కడా ఆడొద్దని నాసర్‌కు క్లబ్బు వాళ్ల ఆంక్ష. నేనే వెళ్లి అడిగాను. నా గీత మీద ఒక్కసారి ఉరుకు తమ్ముడా, ఊరు చూడాలె అన్నాను. నా మాట తీసెయ్యలేక ఒప్పుకున్నాడు. ఇదీ నా లెక్కలోదే.

ముందు రోజు సున్నం నానబెట్టాలి. నేను న్యాల్‌కల్‌లో బామ్మర్ది ఇంట్లో ఉన్నాను. ఏ చావో పెళ్లో అయితే చెప్పుకోవడానికి బాగుండేది. కాదు. కల్లు తాగుతూ కూర్చున్నాను.

పొద్దున వచ్చి చూస్తే పాత పొడి సగానికే ఉంది. దానితో గోల్ దగ్గరి గీతలు, నడిమి గీత, తుమ్మచెట్ల వైపు పొడుగు గీత గీశాను. హైవే రోడ్డు వైపు గీత మిగిలింది. రాళ్లు ఎట్లా తెచ్చినవి అట్లానే ఉన్నాయి. నానబెట్టి ఎండబెట్టే వ్యవధి లేదు. రోకలితో దంచి, జల్లెడ పట్టి, డబ్బాలో పోశాను. ముక్కుకు గుడ్డ కట్టుకున్నాను. నా ముక్కు సంగతి నాకు గుర్తుంది చూడండి. గీత తెల్లగా మెరిసింది. నానబెట్టిన దానికంటే తెల్లగా.

సాయంత్రం ఆటకు ముందు, దుమ్ము లేవకుండా మైదానం చుట్టూ నీళ్లు చల్లించారు. నేను చెప్పుల్లేకుండా రోడ్డు వైపు గీత వెంట నడిచాను. అరికాలికి వెచ్చగా తగిలింది. ఆగాను. మళ్లీ కాలు పెట్టాను. వెచ్చగానే ఉంది.

భయం అప్పుడు మొదలైంది. అది ఇప్పటికీ అయిపోలేదు.

పార తెచ్చి గీతను గోకేయవచ్చు. ఎవరైనా ఆపారా? కుర్చీల్లో పెద్దమనుషులు కూర్చున్నారు. బీదర్ లారీ వచ్చి ఆగింది. గోకితే ఎందుకు గోకుతున్నావని అడుగుతారు. ఏం చెప్పాలి? కల్లు తాగి మరిచానని చెప్పాలి. నాకున్న ఒక్క పేరు పోతుంది. ఒక గీత కోసం అంత ఆలోచించాను, ఒక మనిషి కోసం ఆలోచించలేదు.

మొదటి సగంలో నాసర్ ఉరికింది తుమ్మచెట్ల వైపు. అక్కడిది మంచి సున్నం. నేను రోడ్డు వైపు నీళ్ల కుండల దగ్గర నిలబడి ఆట చూడలేదు, హాఫ్ టైమ్ రావద్దని మొక్కుకున్నాను. హాఫ్ టైమ్ తర్వాత జట్లు దిక్కులు మారుతాయి. అప్పుడు ఎడమ వైపు అంటే రోడ్డు వైపు.

హాఫ్ టైమ్ రాకుండా ఉంటుందా?

నాసర్ చెమటలు కక్కుకుంటూ నా దగ్గరికే వచ్చాడు. చెంబెత్తి గడగడా తాగాడు. జనంలోంచి ఎవడో, "నాసరన్నా, దీనార్లు బరువైనయా ఏంది, ఉరుకుతలేవు?" అన్నాడు. "జేబుల నీ బాకీ గూడ ఉన్నది గదరా, దాని బరువు" అన్నాడు నాసర్. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అప్పుడు చెప్పవచ్చు. గీతకు జర దూరం ఆడు తమ్ముడా అంటే చాలు. నోరు తెరిచాను. ఇంకో చెంబు నీళ్లు ముంచి ఇచ్చాను. ఈలోగా రోడ్డు వైపు దుమ్ము లేస్తోందని మళ్లీ నీళ్లు చల్లారు.

నాసర్ వంగి గీతకు వేళ్లు ఆనించి, గుండెకు తాకించుకున్నాడు. ఒక్క క్షణం వేళ్లను చూసుకున్నాడు. నేను చూశాను.

తర్వాత ఎంతసేపో చెప్పలేను. బంతి తీసుకుని గీత వెంట వస్తున్నాడు. బీదర్ ఆటగాడు వెనక నుంచి బనీను గుంజాడు. నాసర్ బోర్లా పడి, గీత మీద ముఖం పెట్టి జారాడు. తెల్లటి పొగలా లేచింది. ఎడమ కన్ను మూసుకుని అరిచాడు. ఆ అరుపును రాయడం నాకు ఏ బడీ నేర్పలేదు.

జనం ఉరికారు. ఒకాయన తువ్వాలతో కన్ను తుడిచాడు. "నీళ్లు పోయకున్రి, సున్నం ఉడుకుతది. నూనె తేన్రి" అని ఒక పెద్దమనిషి అడ్డం నిలబడ్డాడు. అందరూ అవునవునన్నారు.

మా నాయన మాట నా చెవిలో ఉంది. మస్తు నీళ్లు కడుగుతయి. కుండలు రెండూ నా పక్కనే ఉన్నాయి. చేతిలో చెంబు ఉంది. చెంబులో నీళ్లు ఉన్నాయి. జనాన్ని తోసుకుని వెళ్లి కుండ ఎత్తి కుమ్మరించాలి. కుమ్మరిస్తే, అది నానబెట్టని సున్నమని నీకెట్లా తెలుసని అడుగుతారు. నిజానికి నానిన సున్నం పడ్డా నీళ్లే పోయాలి, ఎవరూ అట్లా అడిగేవాళ్లు కాదేమో. ఇది తర్వాత తోచింది. ఆ క్షణంలో భయం ఒక్కటే లెక్క వేసింది. నేను కదలలేదు.

నూనె తెచ్చారు. జీపు దొరికింది. దవాఖానకు పోయేసరికి ఆలస్యమైంది. బనీను గుంజిన బీదర్ ఆటగాడిని జనం కొట్టారు. నేను అదీ చూస్తూ నిలబడ్డాను. అతని పేరు కూడా కనుక్కోలేదు.

హైదరాబాద్ కంటి దవాఖానలో చూడటానికి వెళ్లాను. ఎందుకు వెళ్లాను? ప్రేమతోనా, ఏమైనా తెలిసిందా అని చూడటానికా? రెండూ అని రాద్దామనుకున్నాను. రెండోదే ఎక్కువ.

"ఎవరు?" అన్నాడు.

"నేనే తమ్ముడా."

"అన్నా, నువ్వా. ఈ దిక్కు రా, ఆ దిక్కు కనవడవు."

"డాక్టర్ ఏమన్నడు?"

"ఎడమది పోయింది అన్నడు. ఒక్క కన్నుతోని కార్నర్ కొట్టొస్తదా సార్ అని అడిగిన. ఆయనకు కార్నర్ అంటే ఏందో తెల్వదు." నవ్వబోయి ఆగాడు. "అన్నా, ఒక్క మాట అడుగుత. హాఫ్ టైమ్ అయినంక గీతకు వేళ్లు ఆనిచ్చిన గద. వెచ్చగ తాకింది. ఎండకేనా?"

నా కాళ్ల కింద నేల కూడా వెచ్చబడినట్టయింది.

"ఎండకే" అన్నాను.

"నేను గూడ గట్లనే అనుకున్న" అన్నాడు.

నమ్మాడా? నమ్మినట్టు కనబడ్డాడా? ఈ ప్రశ్నతోనే పడుకున్నాను, లేచాను. ఒక్క కన్నుతో మనిషి చూసే చూపులో ఏముందో చెప్పడం కష్టం.

క్లబ్బు వాళ్లు ఒంటికన్ను ఆటగాడు మాకెందుకు అన్నారు. నువ్వు అసలు హిందుస్తానీవే కదా అని కూడా అన్నారట. గోల్స్ కొట్టినన్నాళ్లు ఆ మాట గుర్తుకు రాలేదు. ఇక్కడి ఖాతా వాళ్లు, నువ్వు ఆ దేశం పాస్‌పోర్ట్ తీసుకున్నవాడివి, కొలువు ఎట్లా ఇస్తామన్నారు. రెండు దేశాలవాడు ఏ దేశానికీ కాకుండా పోయాడు. పుట్టిన ఊళ్లో ఉండటానికి పరదేశిలా సంగారెడ్డి పోలీసు ఆఫీసులో హాజరు కావాలి. నాసర్ అడిగితే నేనే తోడు వెళ్లేవాడిని. ఖాకీ బట్ట కనబడితే తల దించుకునేవాడిని. ఒకసారి అక్కడి జవాను, "ఏ దేశం నీది?" అని అడిగాడు. "జహీరాబాద్ సార్" అన్నాడు నాసర్. జవాను నవ్వలేదు. నాసరూ నవ్వలేదు.

బస్సులో నేను ఎప్పుడూ నాసర్‌కు ఎడమ వైపే కూర్చునేవాడిని. నడిచినా ఎడమ వైపే. ఆ వైపు నేను కనబడను.

సున్నం పని మానేశాను. డబ్బాలో సున్నం ఉడికే చప్పుడు వినబడితే అక్కడి నుంచి లేచి పోయేవాడిని. అల్లం మండీలో మూటలు మోశాను. ఎనభైలలో నాసర్ కూడా అక్కడే కాంటా దగ్గర పనికి కుదిరాడు. "అన్నా, చాయ్ తాగుదాం పా" అని పిలిచినప్పుడల్లా, ఇవాళ అడుగుతాడు అనుకునేవాడిని. ఎన్నడూ అడగలేదు.

ఆ రోజుల్లో మతాల గొడవలకు హైదరాబాద్‌లో కర్ఫ్యూలు పెట్టేవారు. నాసర్ తురకవాడు, నేను హిందువును. నిజం చెబితే కావాలనే చేశానంటారు, ఊరు రెండు ముక్కలవుతుంది అని నాకు నేను చెప్పుకున్నాను. ఆ భయం అబద్ధం కాదు. కాని దాన్ని గొడుగులా పట్టుకుని కింద దాక్కున్నది నేను. కర్ఫ్యూలు లేని రోజుల్లో చెప్పానా?

తల్లి పోయాక నాసర్ హైదరాబాద్‌లో చెల్లె ఇంటికి వెళ్లిపోయాడు. బస్సు ఎక్కించడానికి వెళ్లాను. కిటికీలోంచి నా చెయ్యి పట్టుకుని, "ఎండ మస్తుగున్నది, ఇంటికి పో అన్నా" అన్నాడు. ఉత్త మాటేనా అది? బస్సు కదిలేదాకా నేల చూస్తూ నిలబడ్డాను. కదిలాక, పోయాడు, ఇక అడిగేవాడు లేడని నా ఒళ్లు తేలికైంది. అన్నింటికంటే దీనికే ఎక్కువ సిగ్గుపడుతున్నాను.

నాసర్ ఉన్నాడో లేడో నాకు తెలియదు. వెతకలేదు. వెతికే ధైర్యం ఇవాళ్టికీ లేదు. ఇది చదివితే కన్ను రాదు, పోయిన ఆట రాదు. క్షమించమని అడగను. అడిగితే మళ్లీ నా కోసమే అడిగినట్టు.

నాసర్, అది ఎండకు కాదు. సున్నం నానబెట్టలేదు. నాకు తెలుసు. కుండలు నా పక్కనే ఉన్నాయి.

రాశాను. రాసి, ఆ వరుస మీద వేళ్లు ఆనించి చూశాను. చల్లగా ఉంది.